గడ్డకట్టిన మందు

"ఫ్రిజ్ ముట్టకు. సూది మాత్రం నువ్వే ఎయ్యి," అంది అత్తమ్మ, రవిక చేయి పైకి మడుస్తూ.

నెలకు మూడు రోజులు నాకు వంటగది లేదు. అయినా సూదికి నా చేతులే కావాలి, ఇంకెవరికీ ధైర్యం చాలదు. ఆ మూడు రోజులూ ఇన్సులిన్ సీసా నా భర్త మహేష్ తెచ్చి గడప మీద పెడతాడు. మిర్యాలగూడలో రైస్ మిల్లు నడిపే మనిషికి అదొక్కటే ఇంటిపని, అదీ మొహం మాడ్చుకునే.

సీసా వెలుగుకు పట్టి చూశాను. నీళ్లలా తేటగా ఉండాల్సిన మందులో తెల్లటి పలుకులు తేలుతున్నాయి.

"దీన్ని ఏడ పెట్టిన్రు?" గడప దగ్గరే నిలబడ్డ మహేష్‌ను అడిగాను.

"ఊకె కరెంటు పోతున్నదని పైన ఐసుల పెట్టిన. కరిగింది గద ఇప్పుడు."

"గడ్డకడితే ఇగ పనిచెయ్యదు. ఫ్రిజ్ తలుపుల కొత్త సీసా ఉన్నది, అదియ్యండి."

"మందులషాపోడే చెప్పలే, నీకెట్ల తెలుసు?"

నాకెట్ల తెలుసట! పెళ్లికి ముందు హైదరాబాద్ ల్యాబ్‌లో నా పని అదే. ఇన్సులిన్ ఒక పెప్టైడ్, అమైనో ఆమ్లాలను పూసల్లా గుచ్చిన గొలుసు. అందులో ఒకటి రెండు పూసలు మార్చి, ఫ్రిజ్ లేని ఇంట్లో కూడా ఎండకు చెడిపోని మందు చెయ్యాలని మా ప్రయత్నం. పీహెచ్‌డీ సగంలో పెళ్లయింది. "ఆర్నెల్లల మళ్ల ల్యాబ్‌కు పంపిస్త" అన్నాడు మహేష్. నాలుగేళ్లయింది. సోమవారంలోగా వస్తేనే సీటు ఉంటుందని నిన్న మా గైడ్ మేడమ్ ఫోన్ చేశారు. ఎత్తింది ఈయనే. "మా అమ్మకు సూది ఎవలేస్తరు మేడం?" అని నవ్వి పెట్టేశాడు. పక్కనే నిలబడి కూడా నేను నోరు తెరవలేదు. తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తోంది.

లేచి వంటగదిలోకి వెళ్లాను. ఫ్రిజ్ తెరిచి కొత్త సీసా తీసి, సిరంజిలోకి మందు ఎక్కించి అత్తమ్మ పక్కన కూర్చున్నాను.

ఆమె చేయి వెనక్కి లాక్కుంది.

"ఫ్రిజ్ ముట్టినవ్ గద, నాకొద్దు. నా కొడుకు తెచ్చిందే ఎయ్యి."

నాలుగేళ్లుగా ఆ చేతికి నొప్పి తెలియకుండా గుచ్చాను. ఆ ముసలి చేయంటే నాకు ప్రేమ కూడా ఉంది, అందుకే అంత బాధేసింది.

పాడైన మందు మోరీలో పారబోసి మహేష్ వైపు తిరిగాను.

"షాపుకు పోయి నేను ముట్టని సీసా తెండి. సూదేసుడు మీకు ఇయ్యాల్నే నేర్పుత. సోమవారం నేను ల్యాబ్‌ల ఉంటా."