నీళ్లు పోసిన నేరం

పార్కు గేటుకి తగిలించిన కొత్త బోర్డు మీద రంగు ఇంకా ఆరలేదు. లోవమ్మకి చదువు రాదు. కాపలావాడు అబ్బులే చదివి వినిపించాడు.

"చేపల గంపలతో, పనిముట్లతో లోపలికి రాకూడదు." చదివి తల దించుకున్నాడు. అబ్బులు ఆమెకి పరాయివాడు కాదు. చనిపోయిన ఆమె మొగుడు గంగయ్యకి చిన్నాన్న కొడుకు. పోయిన నెల దాకా రేవులో వల లాగినవాడు.

"ఖాళీ గంపేరా అబ్బులూ. మార్కెట్లో అమ్మేసొచ్చాను. ఇదిగో, ఇక్కడే పెడతాను. మొక్కలకి నాలుగు బిందెలు పోసి ఎల్లిపోతాను. ఎండ చూడు, మాడిపోతన్నాయి."

"గంప బయట పెట్టినా కుదరదు వదినా. నా కూడు చెడగొట్టకు."

అప్పుడే కారు ఆగింది. కాంట్రాక్టరు జీవరాజు దిగాడు. ముక్కుకి కర్చీఫు అడ్డం పెట్టుకున్నాడు.

"ఏంట్రా ఈ కంపు? పుష్కరాలకి ఊరంతా ముస్తాబవుతుంటే గేటు ముందు దీన్ని కూచోబెట్టావా? నెట్టు!"

అబ్బులు కదల్లేదు. జీవరాజు గంపని కాలితో తన్నాడు. అది దొర్లి మురిక్కాలవలో పడింది. పట్టుకోబోయిన లోవమ్మకి అడ్డం వచ్చి, "నెట్టమన్నానా!" అని అరిచాడు. అబ్బులు నెట్టాడు. గట్టిగా కాదు. అయినా ఆమె కంకర మీద మోకాళ్ల మీద పడింది.

పొద్దున్న ఏడు గంటలు. తెల్ల బూట్లు వేసుకుని నడవడానికి వచ్చినవాళ్లు పది పదిహేనుమంది చూశారు. ఒకావిడ "పాపం" అంది. తర్వాత అందరూ లోపలికి వెళ్లి గుండ్రంగా నడవడం మొదలుపెట్టారు.

వాళ్లు నడిచే ఆ దారి లోవమ్మ వేసిందే. నాలుగేళ్ల కిందట, అంటే తొంభైతొమ్మిదిలో, అక్కడ పార్కు లేదు. రాజమండ్రి గోదావరి గట్టుకి రెండు వీధుల ఇవతల రెండెకరాల చెత్తదిబ్బ, కూలిన ప్రహరీ, పందులు, గాజు పెంకులు ఉండేవి. కాలేజీలో బోటనీ చెప్పి రిటైరైన భాస్కరంగారు మరో నలుగురితో కలిసి హరిత సేవా సమితి అని పెట్టారు. ఆ స్థలం బాగుచేసే పని సమితి తీసుకుంది. "ఈ పార్కు మనది. ఆదివారం వచ్చి ఒక చెయ్యి వెయ్యండి" అని కరపత్రాలు పంచారు. లోవమ్మ ఉండే జాలరిపేటలో ఆ కాగితాన్ని అప్పట్లో ఇంటరు చదివే కౌముది ఇంటింటికీ తిరిగి చదివి వినిపించింది.

లోవమ్మ వెళ్లడానికి పార్కు మీద ప్రేమ కారణం కాదు. ఒంటరితనం. గంగయ్య పడవ వరదలో తిరగబడి అప్పటికి తొమ్మిదేళ్లు. శవం దొరకలేదు. పిల్లల్లేరు. ఒక్క మనిషికి వండుకుని, పొద్దున్న సగం సాయంత్రం సగం అదే గిన్నెలోంచి తినేది. వీధుల్లో తిరిగితే "ఏయ్ చేపలూ" అని పిలిచేవాళ్లే తప్ప, పేరు పెట్టి పిలిచే నోరు లేదు. కొన్ని రోజులు తన గొంతు తనకే కొత్తగా వినపడేది.

మొదటి ఆదివారం భాస్కరంగారు పుస్తకం పట్టుకుని "మీ పేరేంటండి?" అని అడిగారు. "లోవండి" అంది. ఆయన "లోవమ్మగారు" అని పైకి అంటూ రాసుకున్నారు. గారు! ఆ మాట తలుచుకుని ఇల్లు చేరేదాకా తనలో తనే నవ్వుకుంది.

రెండేళ్లు తవ్వారు. రిక్షా యూనియన్ వీరబ్రహ్మం గునపాలూ మనుషుల్నీ తెచ్చాడు. కడియం నర్సరీల్లో పనిచేసేవాళ్లు బండి నిండా మొక్కలు పంపారు. వెనక మూలనున్న నలభై మొక్కలు, పొగడలూ కానుగలూ నేరేళ్లూ, లోవమ్మ వంతు. రేవు నుంచి బిందెలతో నీళ్లు మోసేది. పది గంటలకి పని ఆపి, అందరూ నేల మీదే కూచుని బాదమాకుల్లో ఉప్మా తినేవారు. అక్కడే మాటలు పుట్టేవి. స్టాండు దగ్గర పోలీసులు రిక్షాలు ఎత్తుకుపోతున్నారని రిక్షావాళ్లు చెబితే, పేటకి కుళాయి లేదని పేటవాళ్లు చెప్పేవారు. కౌముది అర్జీలు రాసేది. ఒక ఆదివారం ఆ అర్జీలు పట్టుకుని అందరూ పార్కు నుంచే ఊరేగింపుగా బయలుదేరారు.

సమితిలో పెద్దలు అది చూసి బెదిరిపోయారు. "ఇది సేవండి, రాజకీయం కాదు" అన్నారు. మొక్కలు ఎదిగి, పువ్వులు పూసి, పేపర్లో ఫోటో పడ్డాక పార్కు నిర్వహణని పదకొండేళ్ల కాంట్రాక్టుకి జీవరాజు చేతిలో పెట్టారు. పుష్కరాల యేడు కదా, వెనక మూల ఫంక్షను షెడ్డు వేస్తానన్నాడు. నలభై మొక్కలు నరికితే పేచీ వస్తుంది. నీళ్లు ఆపితే వాటంతటవే చస్తాయి.

గేటు దగ్గర పడిన రోజు సాయంత్రం సమితి మీటింగుకి లోవమ్మ కుంటుకుంటూ వెళ్లింది. పక్కన కౌముది. కుర్చీలు నిండుగా ఉన్నాయి. ఎవరూ లేవలేదు. ఆమె గోడకి చేరి కింద కూచుంది.

"లోవమ్మగారూ, మీకు జరిగింది తప్పే," అన్నారు భాస్కరంగారు, ఆమె మోకాలి వైపు చూడకుండా. "నేను జీవరాజుగారితో మాట్లాడతాను. కానీ అగ్రిమెంటు మీద సంతకాలు అయిపోయాయి కదండీ. మనం సేవ చేశాం. సేవ చేసినవాళ్లం హక్కు అడగకూడదు."

"సేవ మీదండి. చెమట మాదండి," అంది లోవమ్మ. "మనది అని కాయితం పంచారు కదండీ. ఆ మనలో మేం ఉన్నామా లేమా, అది చెప్పండి చాలు."

కుర్చీలో ఒకాయన అందుకున్నాడు. "అదిగో, పనికి పిలిస్తే ఇంటికి ఎసరు పెడతారు. అందుకే ఎవర్నెక్కడుంచాలో అక్కడుంచాలి."

గుమ్మంలో నిలబడ్డ వీరబ్రహ్మం గొంతు పెంచాడు. "తవ్వేటప్పుడు వలంటీర్లం. తవ్వాక అలగాజనం. బాగుందయ్యా మీ లెక్క! పూల కోసం కాదు తాళం. మేం నలుగురం ఒకచోట కూచుని మాట్లాడుకోవడం మీ కళ్లలో పడింది. దానికీ తాళం."

భాస్కరంగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తుడుస్తూనే ఉన్నారు.

మర్నాటి నుంచి లోవమ్మ నీళ్ల బిందె ముందు పెట్టుకుని గేటు ఎదురుగా కూచుంది.

"ముందు పదిమందిని కూడగట్టాలి అక్కా," అన్నాడు వీరబ్రహ్మం. "ఒక్కత్తివే కూచుంటే అది పోరాటం కాదు, నీకు నువ్వేసుకున్న శిక్ష."

"కూడగట్టు తమ్ముడూ. నువ్వొచ్చేదాకా నేను కూచుంటాను."

నాలుగు రోజులు కూచుంది. రోహిణి కార్తె ఎండ. తారు రోడ్డు మెత్తబడింది. కౌముదికి పరీక్షలు. చేపలు అమ్మలేదు కాబట్టి పొయ్యి ముట్టించలేదు. మనిషి తిరగని రేవు కన్నా మనుషులు తిరిగే రోడ్డు మీద ఒంటరితనం ఎక్కువని ఆమెకి అప్పుడే తెలిసింది. జనం ఆమెని చూసి రోడ్డు అవతలికి తప్పుకుని పోయేవారు. కమ్మీల్లోంచి చూస్తే దూరంగా పొగడ మొక్కల ఆకులు చుట్టచుట్టుకుపోతున్నాయి. అబ్బులు ఇటు తిరిగేవాడు కాదు.

అయిదో రోజు సాయంత్రం పేటవాళ్లు రేవు మెట్ల మీద చేరారు. ఆమెని పిలిపించారు. రామతులసి నడుం మీద చేతులేసుకుని నిలబడింది. ఆమె కూడా చేపలమ్మే మనిషే, నోరున్న మనిషి.

"ఏమే లోవా, పిచ్చిగానీ పట్టిందా? పేటలో కుళాయి లేదు. ఇళ్ల మీద రేకుల్లేవు. మనకి పార్కు ఎందుకే? గాలి తినడానికా? గోదారి గాలి చాల్లేదా?"

అందరూ నవ్వారు. లోవమ్మ నవ్వలేదు.

"కుళాయీ అడగాలి. రేకులూ అడగాలి. ఎక్కడ కూచుని అడుగుతావే? ఈ పేటలో నువ్వూ నేనూ పక్కపక్కనే ఉండి ఎన్నేళ్లైంది? నేను తిన్నానో లేదో నీకు తెలుసా? నీ మొగుణ్ణి స్టేషన్లో కొట్టారని నాకెప్పుడు తెలిసింది? ఆ మొక్కల దగ్గర కూచుంటే తెలిసింది. రిక్షావాళ్ల గోడు అక్కడే విన్నాం. మన గోడు వాళ్లు విన్నారు. అంతకు ముందు ఎవరి గుడిసెలో వాళ్లం ఏడ్చుకున్నాం. మళ్లీ అలాగే ఏడవమని గేటేశారు. ఇంక నాకు చేత కాదు. ఒంటరిగా ఉండుండి నాకు చేత కాదు."

వల బాగు చేసుకుంటున్న ముసలాయన ఒకడు దారం కొరికి, "ఆదివారం ఏ టయానికే?" అన్నాడు.

ఆదివారం ఆరు గంటలకి వచ్చారు. పేట నుంచి ఆడవాళ్లు, రిక్షా స్టాండు నుంచి మగవాళ్లు, పరీక్షలు రాసేసిన విద్యార్థులు. జెండాల్లేవు, కర్రల్లేవు. బిందెలూ, పారలూ, తట్టలూ. ప్రహరీ వెనక, నాలుగేళ్ల కిందట తామే కట్టిన పిట్టగోడ వైపు నుంచి దిగారు. ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి బిందెలు అందించుకున్నారు. పాదులు తవ్వి నీళ్లు పోశారు. నడకకి వచ్చినవాళ్లలో ఒక ముసలావిడ బూట్లు విప్పి వరసలో నిలబడింది.

ఎనిమిదికి పోలీసు వ్యాను వచ్చింది. ఎస్సై విసుగ్గా అడిగాడు. "ఏంటి గొడవ? ఏం పగలగొట్టారు?"

జీవరాజు నీళ్లు నమిలాడు.

"మొక్కలకి నీళ్లు పోశామండి," అంది కౌముది. "రాసుకోండి. నేరం అదే."

పక్కన కానిస్టేబులు పెదవి బిగబట్టి నవ్వు ఆపుకున్నాడు. కానీ జీవరాజు ఎవరికో ఫోన్ చేశాడు. ఆ ఫోన్ ఎస్సై చేతికిచ్చాడు. ఆ తర్వాత లాఠీలు లేచాయి. బిందెలు సొట్టలు పడ్డాయి. వీరబ్రహ్మం తల పగిలింది. సాయంత్రానికి అందర్నీ వదిలేసి వీరబ్రహ్మం, లోవమ్మల మీదే కేసు రాశారు. కాపలావాణ్ణి కొట్టారని. ఫిర్యాదు మీద అబ్బులు సంతకం పెడుతుంటే లోవమ్మ ఎదురుగానే ఉంది.

"మోకాళ్లు నావి పగిల్తే దెబ్బలు నీకు తగిలాయంట్రా అబ్బులూ?" అంది. కోపంగా కాదు, తెలుసుకోడానికి అడిగినట్టు అడిగింది. వాడి కలం ఆగింది. మళ్లీ కదిలింది.

వీరబ్రహ్మాన్ని మగవాళ్ల జైలుకి, ఆమెని ఆడవాళ్ల బ్యారక్‌కి పంపారు. అందులో ముసలి ఖైదీ ఒకతె ఉండేది. ఆమె ఎవరితోనూ మాట్లాడదు. గోడలు, గంట, చారెడు మెతుకులు. ఇంటి దగ్గరైతే కనీసం గోదారి చప్పుడు ఉండేది. తను చేసినదంతా ఎటు పోయిందో తెలియలేదు. బయట జనం మళ్లీ గుండ్రంగా నడుస్తున్నారేమో అనుకుంది.

శుక్రవారం భాస్కరంగారు వచ్చారు. ఒక్క వారంలో మనిషి వాడిపోయారు. చేతిలో కాగితం.

"బెయిల్‌కి నేను పూచీ ఉంటాను లోవమ్మగారూ. లాయరుగారు మాట్లాడారు. పార్కు ఛాయలకి వెళ్లనని ఒక వేలిముద్ర వేస్తే కేసు తేలిపోతుంది. ఈ సాయంత్రానికి ఇంట్లో ఉంటారు."

"ఇంట్లో ఏముందండి?" అందామె.

ఆయన కాగితం ముందుకి జరిపారు.

"మీరు మంచివారండి. నా పేరు అడిగి రాసుకున్న మొదటి మనిషి మీరు. ఆ పుస్తకంలో ఇంకా నా పేరుందా, కొట్టేశారా?"

"ఉంది," అన్నారు భాస్కరంగారు. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకుని, వీడ్కోలు కూడా చెప్పకుండా వెళ్లిపోయారు. లోవమ్మ ఆ సాయంత్రం ఏడ్చింది. ఉన్న ఒక్క తలుపూ తనే మూసుకుందేమో అని భయపడింది.

ఆదివారం గడిచింది. సోమవారం పదకొండు గంటలకి బ్యారక్ తలుపు కిర్రుమంది. ముందు రామతులసి గొంతు వినపడింది, తర్వాత మనిషి కనపడింది. జబ్బకి కట్టు. ఆమె వెనక పేట ఆడవాళ్లు, వాళ్ల వెనక కౌముది, కౌముది వెనక ఆ బూట్లు విప్పిన ముసలావిడ.

"అట్టా చూస్తావేంటే? మేమూ నేరం చేశాం."

లోవమ్మ ఒక్కొక్కరి ముఖం చేతులతో తడిమింది.

"భాస్కరంగారు..." అంది చివరికి.

"మొదటి బిందె ఆయనదే. సమితికి రాజీనామా రాసి గేటుకి అంటించి మరీ దిగాడు. మగవాళ్ల వ్యానులో ఎక్కించారు. అబ్బులు ఉజ్జోగం మానేశాడు. కోర్టులో నిజం చెప్తానంటున్నాడు, చెప్పినప్పుడు చూద్దాం. జీవరాజు ఇంకో కాపలావాణ్ణి పెట్టాడు. వాడూ మన పేటవాడే."

"మొక్కలు?"

"సగం పోయాయే లోవా." రామతులసి అబద్ధం చెప్పలేదు. "మిగతావాటికి పోలీసులొచ్చేదాకా పోశాం. ఇవాళ రిక్షావాళ్లు దిగుతారు. రేపు కాలేజీ పిల్లలు. కడియం నుంచి కూలీలు కబురంపారు, ఎల్లుండి మేమని. జైల్లో ఎంత చోటుందో చూద్దామంటన్నారు."

మూల కూచున్న ముసలి ఖైదీ మొదటిసారి తలెత్తి, "మీది ఏ ఊరమ్మా?" అని అడిగింది.

లోవమ్మ తన దుప్పటి గోడవైపు జరిపింది, పక్కన ఇంకొకరు పడుకోడానికి.