రెండో లెక్క

భోంచేశాక బల్ల తుడవడం నాకు ఇష్టం. తుడిచిన చోట మా ఆయన కాగితాలు పరుస్తారు, ఇద్దరం భుజాలు ఆనించుకుని కూర్చుంటాం. పెళ్లయి నలభై రోజులు. ఆయన కప్పులో టీ నేను తాగినా నాకింకా నవ్వొస్తుంది.

"కాస్త ఈ లెక్కలు చేసి పెట్టవోయ్, సరదాకి," అంటారు. నేను చేస్తుంటే ఆయన పెన్సిళ్లు చెక్కి ఇస్తారు. "మొగుడికి ఆ మాత్రం సాయం చేస్తే చేతులు అరిగిపోతాయా?" అని అత్తయ్య లోపలి నుంచి అంటుంది. నేను అరిగిపోతాయని అంటేగా. ఒక్కటే తోచేది కాదు: ప్రతి కాగితానికీ పైభాగం కత్తెరతో నీటుగా కత్తిరించి ఉంటుంది, ఎందుకని?

మ్యాపులో వేలు పెడితే మా దేశం మొత్తం వేలి కిందకి పోతుంది. అయినా చంద్రుడి మీదికి ముగ్గురిని పంపుతున్నాం. ఉన్న ఒక్క కంప్యూటరూ వారంలో నాలుగు రోజులు మరమ్మతులోనే ఉంటుంది కాబట్టి, ఆ ముగ్గురూ తిరిగొచ్చే దారిని మేం చేతులతో లెక్కగడతాం. ఒకే లెక్కని ఇద్దరు వేర్వేరు గదుల్లో చేయాలి. ఎవరికి ఎవరు జోడీయో సరిచూసే కళ్లద్దాలాయనకి తప్ప తెలియదు. మా ఆయనది మొదటి గది, నాది రెండోది.

సోమవారం ఆఫీసులో కవరు విప్పితే, ముందురోజు ఇంట్లో బల్ల మీద చేసిన అంకెలే. ఇక్కడ కత్తిరించలేదు, పైన శీర్షిక కూడా ఉంది: తిరుగు ప్రయాణం, మొదటి గది, రెండో గది.

మొదటి లెక్కా నాదే, రెండో లెక్కా నాదే. నేను తప్పు చేస్తే రెండుచోట్లా అదే తప్పు. రెండూ కలిశాయని కళ్లద్దాలాయన ముద్ర కొడతాడు, ముగ్గురు మనుషులు ఆ తప్పు మీద కూర్చుని వెళ్తారు.

ఒకసారి కాకతాళీయం అనుకుందాం. అనుకోవాలని ఎంత ఆశపడ్డానో. ఆ సాయంత్రం కూడా బల్ల తుడిచాను, భుజం ఆనించాను, లెక్క చేశాను. చివరి నుంచి మూడో అంకె నాలుగు. కావాలనే తొమ్మిది వేశాను. ఆయన చూడను కూడా లేదు, మడిచి జేబులో పెట్టుకుని నా నుదుటి మీద ముద్దు పెట్టారు.

మర్నాడు అదే లెక్క కవరులో వచ్చింది. ఈసారి సరిగ్గా చేసిచ్చాను. మధ్యాహ్నం కళ్లద్దాలాయన ఇద్దర్నీ పిలిచాడు.

"ఒకరిది నాలుగు, ఒకరిది తొమ్మిది. ఎవరిది తప్పు?"

మా ఆయన నా వైపు ముద్దుగా చూసి నవ్వారు. "కొత్తగా పెళ్లయింది కదండీ, తన ధ్యాసంతా ఇంటి మీదే ఉంది. నాదే తీసుకోండి."

కళ్లద్దాలాయన దిద్దుబాటు కాగితం నా ముందుకి జరిపాడు. నా లెక్క తప్పని సంతకం చేస్తే చాలు, ఆ తప్పు తొమ్మిదే చంద్రుడి దాకా వెళ్తుంది. మా ఆయన బల్ల కింద నా కాలు మెల్లగా తట్టారు. నిన్నటిదాకా ఆ తాకిడికి సిగ్గుపడేదాన్ని.

కాగితం మీద రాశాను: "రెండు లెక్కలూ నేనే చేశాను. ఇప్పటిదాకా కలిసినవన్నీ మూడో మనిషి చేత మళ్లీ చేయించండి."

"ఇంటికెళ్లి మాట్లాడుకుందాం," అన్నారాయన.

"అలాగేనండీ," అన్నాను. "ఈలోపు ఆ కత్తిరించిన ముక్కలు ఎక్కడ దాచారో ఈయనకి చెప్పండి."