తుడిచేసిన టీకా

నైజాం పోయి పదిహేనేళ్లయిన ఎండాకాలం అది. హుస్నాబాదుకు రెండు కోసుల దూరంలోని ఆ పల్లెలో కిష్టవ్వ అనే ముసలమ్మకు వారం రోజులుగా ముద్ద దిగడం లేదు. ఆమె చూపంతా మూడేళ్ల మనుమరాలు నర్మద ఎడమ జబ్బ మీదే. పొద్దున లేవగానే చూస్తుంది, అన్నం తినిపిస్తూ చూస్తుంది, పిల్ల కునుకు తీస్తుంటే వేలితో తడిమి చూస్తుంది. ఏమీ లేదు. నున్నగా ఉంది.

ఆ నున్నదనమే ఆమె ప్రాణం తోడేస్తున్నది.

పది రోజుల కింద టీకాల సారు లింగమూర్తి ఊళ్లోకి వచ్చాడు. బడి ముందర పిల్లలను నిలబెట్టి, జబ్బ మీద మందు చుక్క వేసి, పండ్లున్న చిన్న బిళ్లను దాని మీద గిర్రున తిప్పాడు. ఆరేదాకా తుడవొద్దని, నాలుగో నాటికి పొక్కు లేస్తుందని, కాస్త జ్వరం వస్తే భయపడొద్దని, పొక్కు లేచిన పిల్లకు అమ్మవారు పోయదని మరీ మరీ చెప్పాడు. కోడలు చంద్రవ్వ కల్లం పనికి పోవడంతో పిల్లను పట్టుకొని నిలబడింది కిష్టవ్వే.

అంతా విన్నది. విని ఇంటికి వచ్చి ఏం చేసింది? పోచమ్మ పేరున ఒంటి మీదికి ఏది వచ్చినా వేపాకు నీళ్లతో చల్లబరచాలని చచ్చిపోయిన అత్త నేర్పింది. తల్లి రోగానికి వేసిన మందు తల్లిదే కదా, ఇనుముతో గీకి పిలిస్తే ఆమె వేడి మీద రాదా అనుకున్నది. వేపమండలు వేసిన పసుపు నీళ్లలో పాత చీర పేలిక ముంచి, తడి ఆరని మందును మెల్లగా, భక్తిగా, మూడుసార్లు తుడిచేసింది. పిల్లకు మండకుండా ఊదింది కూడా.

నాలుగో నాటికి వాడలో మిగతా పిల్లల జబ్బల మీద పొక్కులు లేచాయి. తల్లులు వాటినే పోచమ్మ అనుకొని పెరుగన్నం చూపించి దండం పెట్టుకున్నారు. పిల్లలు రెండు రోజులు కణకణ కాగి మళ్లీ దుమ్ములో పడ్డారు. నర్మదకు పొక్కూ లేదు, జ్వరమూ లేదు.

"నీ మనుమరాలి నెత్తురు గట్టిదక్కా. మా పోరనిది గూడ గట్లనే ఉన్నది" అని పక్కింటి పోశవ్వ మురిసింది. కిష్టవ్వ నవ్వలేక నవ్వింది. ఎనిమిదో నాడు చూడవస్తానన్న సారు రానే లేదు. కోడలికి చెబుదామని నోరు తెరవడం, ఉప్పు ఎక్కడుందని అడిగి మూసుకోవడం, ఇదే ఆమె పని.

పదకొండో నాడు పొద్దున్నే చంద్రవ్వ అన్న సిద్దిరాములు బండి కట్టుకొని వచ్చాడు. వాళ్ల తమ్ముని పెండ్లి. చెల్లెను, మేనకోడలిని తీసుకుపోవాలి.

"జర జల్ది కానియ్ చెల్లె. ఎండ ముదురకముందే వాగు దాటాలె" అంటూ అరుగు మీద కూర్చున్నాడు. మంచినీళ్లు తాగి, మామూలు ముచ్చటలాగానే అన్నాడు: "మా కింది వాడల ఇద్దరు పిల్లలకు తల్లి పోసిందత్తా. ఒక పోరి అయితే కండ్లు తెరుస్తలేదు. టీకాల సారు గియ్యాల మీ పక్కూరి బడిల ఉన్నడట, రేపు మా ఊరికొస్తడు."

చంద్రవ్వ చేతిలో దువ్వెన ఆగింది. "మరి పిల్లను ఎట్ల తీసుకరావాలె అన్నా?"

"నర్మదకు టీకా అయింది గద! ఇంక ఫికరేంది?"

కిష్టవ్వ పిల్లను దగ్గరికి లాక్కున్నది. "పిల్ల ఒళ్లు వెచ్చగున్నది చంద్రా. ఉండనియ్, నేను చూసుకుంట."

చంద్రవ్వ పిల్ల నుదురు ముట్టింది. "సల్లగనే ఉన్నది గదత్తా! మనుమరాలిని ఇడిచి ఉండలేనని సక్కగ చెప్పరాదు?"

"నువ్వు గూడ ఎక్కత్తా, ఎడ్లకు జర కష్టమైతది గంతే" అని సిద్దిరాములు నవ్వాడు.

చెబితే కోడలు ఇక జన్మలో పిల్లను తన చేతికిస్తుందా? చెప్పకపోతే? బండి కదిలింది. నర్మద "బాపమ్మా" అంటూ చెయ్యి ఊపింది. కొత్త రవిక చేతి కింద ఆ జబ్బ, నున్నగా.

కిష్టవ్వ ఉరికి కాడిని పట్టుకున్నది. "ఆపు కొడుకా! టీకా కాలే. దానికి టీకా కాలే! మందు నేనే తుడిచేసిన."

చంద్రవ్వ బండి దిగింది. "పది రోజులు నా పక్కలనే పండుకొని, గీ ముచ్చట కడుపుల దాసుకున్నవా అత్తా?"

అంతలో వెనక చాట కింద పడ్డ చప్పుడైంది. పోశవ్వ.

"అక్కా, నేను గూడ తుడిచిన. నువ్వు తుడుస్తుంటె గోడ మీదికెల్లి చూసిన. పెద్దదానివి, తెలిసే చేస్తున్నవనుకున్న. మా తోడికోడలు శంకరవ్వకు గూడ చెప్పిన, ఆమె గూడ తుడిచింది."

అప్పుడు కూలబడింది కిష్టవ్వ. ఒక్క పిల్ల అనుకున్నది ముగ్గురయ్యారు. అయినా ఎంతసేపు కూర్చుంటుంది? లేచి శంకరవ్వ ఇంటికి పోయి, సంగతి చెప్పి, నిద్రపోతున్న ఆమె కొడుకును తానే ఎత్తుకొచ్చి బండిలో వేసింది. పోశవ్వ తన కొడుకును చంకనేసుకొని ఎక్కింది. సిద్దిరాములు ఎడ్లను పక్కూరి దారికి తిప్పాడు.

లింగమూర్తి సారు తిడతాడనుకున్నది. ఆయన తిట్టలేదు. "ఇంకెంతమంది తుడిచిండ్రు అవ్వా?" అని మాత్రం అడిగాడు.

"ముగ్గురం సారూ. మొదలు నేనే."

ముగ్గురు పిల్లల జబ్బల మీద మళ్లీ బిళ్ల తిరిగింది. కిష్టవ్వ తన ముడతల జబ్బ కూడా చాపింది. మందు ఆరేదాకా రెండు చేతులూ తొడల కింద పెట్టుకొని కూర్చున్నది. తన చేతుల మీద తనకే నమ్మకం లేకపోయింది.

సిద్దిరాములు ఒక్కడే పెండ్లికి పోయాడు. చంద్రవ్వ తమ్ముని తలంబ్రాలు చూడలేదు. అత్తతో మాట్లాడనూ లేదు. కిష్టవ్వ పోచమ్మకు ఎన్నో మొక్కులు మొక్కింది గానీ, పిల్లకు జ్వరం రావాలని మొక్కడం అదే మొదలు.

నాలుగో నాడు తెల్లవారి నర్మద జబ్బ మీద ఎర్రని పొక్కు లేచింది. చంద్రవ్వ పిల్లను తెచ్చి అత్త ఒళ్లో పెట్టింది.

"పట్టుకో. మళ్ల తుడిచేవు!"

పోశవ్వ కొడుక్కీ లేచింది. శంకరవ్వ కొడుక్కే ఇంకా లేవలేదు. కిష్టవ్వ నర్మదను చంకనేసుకొని వాళ్ల గడపలో పోయి కూర్చున్నది, ఆ పిల్లవాని జబ్బ చూస్తూ.