మంచం కింద ఎనిమిది గుడ్లు

ఆ శుక్రవారం పొద్దున ఇంట్లో ఉన్నది అమ్మ, పిన్ని, తాతయ్య, నేను. నా మంచం కింద బుట్టలో ఎనిమిది కోడిగుడ్లు కూడా ఉన్నాయి గానీ, వాటి సంగతి నాకొక్కదానికే తెలుసు.

నిరుడు పిన్నికి మెదడులో గడ్డ తీసి, రేడియేషన్ ఇచ్చారు. మొన్నటి స్కానులో అదే చోట మళ్లీ తెల్లటి మచ్చ కనబడింది. గడ్డ తిరిగి పెరుగుతోందో, రేడియేషన్‌కు ఆ చోటు కమిలిందో తేలలేదు. "ప్రొటీన్‌ను పసిగట్టే ఎమ్మారై ఒకటుంది. గడ్డయితే ప్రొటీన్ ఎక్కువ కనిపిస్తుంది, కమిలిందయితే తక్కువ. శుక్రవారం చేద్దాం," అన్నారు డాక్టరుగారు.

ఆయన గదిలో ఓ మూల నేను గోడకు అతుక్కుని విన్నాను. ప్రొటీన్ అంటే నాకు తెలియనిదా! మా ఊరి బడిలో సైన్సులో ఫస్టు నేనే. క్లాసులో ఉన్నది ఏడుగురం, అందులో ఇద్దరు బడికే రారు, అది వేరే సంగతి. పిన్ని రోజూ రెండు గుడ్లు తిని, గ్లాసుడు పాలు తాగి వెళ్లి ఆ యంత్రంలో పడుకుంటే లేని గడ్డ ఉన్నట్టు కనబడదూ? డాక్టరుగారిని అడుగుదామని నోరు తెరిచాను. ఆయన నా వైపు చూడగానే ఆవలించినట్టు నటించి మూసేశాను. ప్రశ్న డైరీలో రాసుకున్నాను. రాత్రికి జవాబు కూడా నేనే రాసుకున్నాను.

అమ్మ పొద్దున్నే పనికి వెళ్తుంది. పిన్నికి వండిపెట్టేది నేనే. నాలుగు రోజులు రొట్టె, దోసకాయ ముక్కలతో సరిపెట్టాను. గుడ్లు బుట్టలోకి, పాలు తాతయ్య కాఫీలోకి వెళ్లాయి.

"ఏమే, గుడ్లేవీ?" అంది పిన్ని మొదటిరోజే.

"స్కాను దాకా తినొద్దని డాక్టరుగారు చెప్పారు పిన్నీ."

"ఆయనకి నా గుడ్లేం అడ్డమొచ్చాయే!"

తాతయ్య మాత్రం కాఫీ ఈ మధ్య చిక్కగా ఉంటోందని నన్ను మెచ్చుకున్నాడు.

శుక్రవారం పొద్దున బయల్దేరబోతూ పిన్ని కళ్లు తిరిగి గుమ్మంలో కూలబడింది. "గడ్డేనంటావా నాన్నా?" అని అమ్మ మెల్లగా అడిగింది. తాతయ్య చేతికర్ర కోసం గదంతా వెతికాడు. అది ఆయన చేతిలోనే ఉంది.

ఆస్పత్రిలో డాక్టరుగారు, "కళ్లు తిరగడం ఎన్నాళ్ల నుంచి?" అని అడిగారు.

"మూడు రోజులైంది," అంది పిన్ని.

ఆయన రాయడం ఆపారు. "మెదడులో వాపేమో. ఇవాళే చేర్చుకుని మందు మొదలుపెడదాం."

అమ్మ కుర్చీని గట్టిగా పట్టుకుంది.

"గుడ్లు," అన్నాను నేను.

అందరూ నా వైపు తిరిగారు.

"ఏం గుడ్లమ్మా?" అని అడిగారు డాక్టరుగారు.

"ఎనిమిది. మంచం కింద ఉన్నాయి."

మిగతాదంతా బల్ల మీది గడియారాన్ని చూస్తూ, ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పాను.

"తిన్న గుడ్డు కడుపులో అరిగిపోతుంది తల్లీ," అన్నారు డాక్టరుగారు నవ్వాపుకుంటూ. "స్కాను చూసేది మెదడు కణాల్లో ఉండే ప్రొటీన్‌ని. మీ పిన్ని డజను గుడ్లు తిన్నా బొమ్మ మారదు." తర్వాత నర్సును పిలిచి, "ముందు ఈమెకు ఏదైనా తినిపించండి," అన్నారు.

రెండు గ్లాసుల పాలు తాగాక పిన్నికి కళ్లు తిరగడం తగ్గింది. నన్ను తిట్టే ఓపిక కూడా వచ్చింది. స్కానుకు వెళ్లేదాకా తిట్టింది, వచ్చాక మిగిలింది పూర్తి చేసింది.

సాయంత్రం డాక్టరుగారు బొమ్మ చూపించారు. "మచ్చ దగ్గర ప్రొటీన్ తక్కువే ఉంది. కమిలినట్టే అనిపిస్తోంది. రెండు నెలలకు మళ్లీ చూద్దాం." అమ్మ ఏడుస్తూ నవ్వింది. నా పథ్యం పనిచేసిందని ఒక్క క్షణం నేను గర్వపడ్డాను. సైన్సులో ఫస్టు కదా!

ఇంటికి రాగానే పిన్ని చెప్పులైనా విడవకుండా నా మంచం కింద నుంచి బుట్ట లాగింది. గుడ్లు నీళ్లలో వేసి చూసింది. ఒక్కటీ తేలలేదు, అంటే ఏదీ చెడిపోలేదు. ఎనిమిదీ పొయ్యి మీద పెట్టింది.

నేను వంటింటి గుమ్మం దాకా వెళ్లాను. "ఉప్పు అందివ్వనా పిన్నీ?"

"నిన్ను వంటింట్లోకి రానివ్వద్దని డాక్టరుగారు చెప్పారే," అని పిన్ని నా ముఖం మీదే తలుపు వేసేసింది.