పేర్లు పడేంతసేపు

స్టెల్లా బ్యాగు సర్దుకుంటోందంటే దేవకుమారికి కాలు ఒకచోట నిలవదు. గుమ్మం దగ్గరికీ మంచం దగ్గరికీ తిరుగుతూ, మనవరాలు అటు తిరిగినప్పుడు బ్యాగులోంచి ఏదో ఒక వస్తువు తీసి దాచేస్తుంది. ఒకసారి దువ్వెన, ఒకసారి చున్నీ. దానికోసమైనా మళ్లీ పెంటపాడు వస్తుందని ఆవిడ ఆశ. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే కాబట్టి ఎవరూ అడగరు.

ఈసారి మాత్రం స్టెల్లా అడిగింది. పోయింది బొమ్మల పుస్తకం. ఆ పిల్ల ఏలూరు కాలేజీలో సినిమా కోర్సు చదువుతోంది. కొల్లేటి మీద వాళ్ల బ్యాచి తీయబోయే చిన్న సినిమాకి పేర్లు ఎలా పడాలో ప్లాను గీయడం ఆమె పని. మూడు నెలలపాటు పాతవీ కొత్తవీ సినిమాలు ముందేసుకుని, ఏ పేరు ఎన్ని సెకన్లు నిలిచిందో రాసుకుంది. రెండుసార్లు కొల్లేటికి వెళ్లొచ్చింది. పుస్తకంలో గడులు గీసి, ఒకదాంట్లో నీళ్లలో పెరిగే తూడు, ఒకదాంట్లో గూడబాతులు, ఒకదాంట్లో దోనె పడవ వేసి, పక్కన పేర్లు రాసింది. ఆ మధ్యాహ్నమే సారుకి చూపించాలి.

పుస్తకం దేవకుమారి ఒళ్లో ఉంది. వేలు పెట్టి చదువుతోంది.

"కావాలంటే నా చెప్పులు దాచుకో మామ్మా, అది మాత్రం ఇచ్చెయ్. బస్సు టైమవుతోంది" అంది స్టెల్లా.

దేవకుమారి బడి ముఖం చూడలేదు. ఆవిడకి చదువొచ్చింది తాడేపల్లిగూడెం సినిమా హాల్లో. చిన్నప్పుడు వాళ్లమ్మ ఆ హాలు ఊడ్చేది. గేటు దగ్గరుండే ఏడుకొండలు, ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం పేర్లు అయ్యేదాకా తలుపు తీసే ఉంచేవాడు. ఆ కాసేపూ దేవకుమారినీ, ఆమె అన్న రాజరత్నాన్నీ తలుపు పక్కన నిలబడనిచ్చేవాడు. పేర్లయ్యాయా, ఇక నడవండని బయటికి పంపి తలుపు వేసేవాడు. ఐదో తరగతి చదివిన రాజరత్నం ఒక్కో పేరూ చెల్లెలి చెవిలో చదివేవాడు. అలా పేర్లలోంచే ఆవిడకి అక్షరాలు వచ్చాయి. కథ మాత్రం ఇద్దరూ ఒక్కటీ చూడలేదు.

పదహారో ఏట రాజరత్నం మద్రాసు బయల్దేరాడు. రెక్సిన్ సంచి దేవకుమారే సర్దింది. చొక్కాలు, తువ్వాలు, కొత్త నిబంధన పుస్తకం, చివరికి పళ్లపొడి పొట్లం కూడా మరిచిపోకుండా పెట్టింది. ఇంట్లో అన్నయ్య వస్తువంటూ ఏదీ మిగల్లేదు. రెండు నెలలకి కార్డు వచ్చింది. స్టూడియోలో లైట్లు మోసే పని దొరికిందనీ, ఎప్పటికైనా తన పేరు పడుతుందనీ, చూస్తూ ఉండమనీ రాశాడు. ఆ తర్వాత కార్డు లేదు.

ఆవిడ చూస్తూనే ఉంది. పెళ్లయ్యాక, పిల్లలు పుట్టాక కూడా గూడెం హాల్లో కొత్త సినిమా వస్తే నేల టిక్కెట్టు కొనుక్కుని వెళ్లేది. పేర్లన్నీ చదివేది. అవగానే లేచి వచ్చేసేది. చిన్నప్పటి అలవాటు, పైగా కథతో ఆవిడకి పనిలేదు. టిక్కెట్లు చింపేవాళ్లు, పాపం ఈవిడకి కడుపులో బాగోదు కాబోలని నవ్వుకునేవారు.

ఇప్పుడు ఆ వేలు చివరి పేజీ మీద ఆగింది.

"లైట్లవాళ్లు, వంటవాళ్లు, డ్రైవర్లు, చివర్లో అని రాశావు. చివర్లో అంటే ఎక్కడే?"

స్టెల్లా బ్యాగు జిప్పు లాగుతూ మామూలుగానే చెప్పింది. పెద్దవాళ్ల పేర్లే మొదట్లో పడతాయి, మిగతావాళ్లవి కథంతా అయ్యాక కింద నుంచి పైకి పాకుతూ పోతాయి, చాలా ఏళ్లుగా అంతే, అప్పటికి జనం లేచిపోతుంటారు కాబట్టి ఎవరూ చదవరు. చెబుతూ చెబుతూ మామ్మ మొహం చూసింది. జిప్పు సగంలో ఆగిపోయింది.

"నేను మొదటివే చదివేదాన్నమ్మా" అంది దేవకుమారి.

రోడ్డు మీద బస్సు వచ్చింది, హారను కొట్టింది, వెళ్లిపోయింది. స్టెల్లా కదల్లేదు.

కాసేపటికి రబ్బరు తీసి ఆ చివరి పేజీ చెరిపింది. లైట్లు పట్టే బెంజమిన్ పేరు, వంట చేసే పుష్పమ్మ పేరు, అందరివీ ముందుకి తెచ్చింది. ఒక్కో పేరూ మామ్మ చేత పైకి చదివిస్తూ ఫోన్లో సెకన్లు చూసింది. తను రెండు వేసినచోట ఆవిడకి ఐదు పట్టింది. ఐదే రాసుకుంది. ఇంత సాగదీస్తే సారు మార్కులు కోస్తారేమోనని దేవకుమారి భయపడితే, కోస్తే కోయనీ అంది.

ఒక గడి ఖాళీగా మిగిలింది.

"ఇందులో రత్నం తాతయ్య పేరు రాయనా మామ్మా?"

దేవకుమారి ఆ గడి మీద అరచెయ్యి కప్పింది.

"వద్దమ్మా. అన్నయ్య మీ సినిమాకి పనిచెయ్యలేదు కదా. ఒకసారి చూసేస్తే నేనింక వెతకడం మానేస్తాను."

పుస్తకం ఆవిడే బ్యాగులో పెట్టింది. స్టెల్లా తనంతట తను చున్నీ తీసి మంచం మీద వదిలి, తర్వాతి బస్సుకి వెళ్లింది.

సాయంత్రం టీవీలో ఏదో సినిమా వస్తుంటే దేవకుమారి పీట వేసుకుని ముందు కూర్చుంది. జీవితంలో మొదటిసారి కథ చివరిదాకా చూసింది. పేర్లు మొదలయ్యాయి. రెండు వరుసలు పైకి వచ్చేసరికి చానెల్ వాళ్లు సబ్బు ప్రకటన వేశారు.

రాజరత్నం 1969 జూన్‌లో ఒక మంగళవారం తాడేపల్లిగూడెం స్టేషన్లో మద్రాసు మెయిలు ఎక్కాడు. తిరిగి రాలేదు.