ఆఖరి రోజు ఆట

మా ల్యాబ్‌లో మగవాళ్ళకి మ్యాచ్ జ్వరం వస్తుంది. తమాషాకి అనడం లేదు, సెలవు చీటీల్లోనే ఉంటుంది. మేం కట్టుడు పళ్ళు తయారుచేస్తాం. డాక్టర్లు పంపిన అచ్చుల్లో ప్లాస్టర్ పోసేవాళ్ళు ముగ్గురు, వాటిమీద మైనంతో చిగుళ్ళు దిద్ది పళ్ళు పేర్చేదాన్ని నేను. పెద్ద మ్యాచ్‌కి ముందురోజు ప్లాస్టర్ బల్ల దగ్గర ఎవరో ఒకరు దగ్గుతారు. సూపర్‌వైజర్ గారు కళ్ళజోడు పైనుంచి చూసి, నవ్వి, సంతకం పెట్టేస్తారు.

ఆ రోజు టెస్ట్ మ్యాచ్ నాలుగో రోజు. మా ఊరి గ్రౌండే, ల్యాబ్‌కి రెండు బస్ స్టాపుల దూరం. సాయంత్రం ఆట ఆగేసరికి, మర్నాడు గెలవాలంటే మనవాళ్ళకి నాలుగు వికెట్లు కావాలి, అవతలివాళ్ళకి తొంభై ఆరు పరుగులు. నేను ఇరవై ఏళ్ళుగా ఆట చూస్తున్నాను, ఆఖరి రోజు మాత్రం ఒక్కసారీ గ్రౌండ్‌లో కూర్చుని చూడలేదు. ఒకసారి ఆడపడుచు కాన్పు, ఒకసారి అమ్మాయి పరీక్షలు, ఒకసారి ఎవరివో అర్జెంటు పళ్ళు. చేతిలో ఉన్న ముందుపన్నుని మూడుసార్లు పెట్టి మూడుసార్లు పీకాను. కాలు ఒకచోట నిలవడం లేదు.

ప్లాస్టర్ బల్ల దగ్గర రేడియో దగ్గాడు. రోజంతా నోరు మూయడని అతనికి ఆ పేరు పెట్టాం.

"వెళ్ళు, వెళ్ళి పడుకో," అన్నారు సూపర్‌వైజర్ గారు నవ్వుతూ.

నేనూ లేచాను. "సార్, నాకూ రేపు సెలవు కావాలి. మ్యాచ్‌కి వెళ్తాను."

అందరూ ఒక్కసారి గొల్లుమన్నారు.

"ఆ కొత్త ఓపెనర్ కోసమా అక్కా?" అన్నాడు రేడియో. "వాడికి పెళ్ళయిపోయింది."

నాకు ఒళ్ళు మండింది. "బౌలర్ల కాళ్ళకింద పిచ్ ఎక్కడ నలిగిందో చూశావా? సరిగ్గా ఆ ఎడమచేతి బ్యాట్స్‌మన్ ఆఫ్ స్టంప్ బయట. రేపు ఆఫ్ స్పిన్నర్ అక్కడే వెయ్యాలి, ఏమైనా సరే స్లిప్‌ ఫీల్డర్‌ని తియ్యకూడదు."

సూపర్‌వైజర్ గారు కళ్ళజోడు సర్దుకుని అడిగారు.

"మీ ఆయన చెప్పాడా అమ్మా?"

మా ఆయనకి బ్యాటుకీ తెడ్డుకీ తేడా తెలియదు. మనిషి మంచివాడే, టీవీలో ఆట మొదలైతే చాలు గురకపెడతాడు. ఆ మాటే చెప్పాలనుకున్నాను. కానీ సెలవు చేజారిపోతోంది.

"అవును సార్, ఆయనే చెప్పారు. మ్యాచ్‌కని ఊరికే అన్నాను. రేపు ఆయన స్నేహితులు ఆరుగురు మ్యాచ్ చూడ్డానికి మా ఇంటికొస్తున్నారు. వంట చెయ్యాలి."

"ఆ మాట ముందే చెప్పొచ్చు కదమ్మా!" అప్పటికే సంతకం అయిపోయింది. "ఇంట్లో వడ్డించేవాళ్ళు లేకపోతే పాపం వాళ్ళేం చూస్తారు?"

సెలవైతే దొరికింది గానీ సిగ్గేసింది. ఆ రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు.

మర్నాడు మొదటి బంతి పడకముందే గ్రౌండ్‌లో ఉన్నాను. కూర్చోలేను, నిలబడలేను. "మీవాళ్ళు ఎక్కడ కూర్చున్నారండీ?" అని పక్కాయన రెండుసార్లు అడిగాడు. ఎవరూ రాలేదన్నా నమ్మక, నా వెనకాల వెతికాడు. లంచ్ దగ్గరపడేసరికి మనవాళ్ళకి రెండు వికెట్లు కావాలి, వాళ్ళకి పదకొండు పరుగులే. ఎడమచేతివాడు ఇంకా పాతుకుపోయి ఉన్నాడు. అప్పుడు రెండు వరసల కింద టోపీ పెట్టుకున్న మనిషి వెనక్కి తిరిగాడు. రేడియో!

"వంట ఏమైంది అక్కా?"

"నీ జ్వరం ఎలా ఉంది?"

అతను నవ్వలేదు. ఫోన్ తీసుకుని మెట్లవైపు వెళ్ళాడు. రెండు నిమిషాల్లో నా ఫోన్ మోగింది, సూపర్‌వైజర్ గారు.

"ఎక్కడున్నావమ్మా?"

"గ్రౌండ్‌లో సార్."

"ఎవరితో?"

"ఒక్కదాన్నే."

"అబద్ధమాడి సెలవు తీసుకుంటావా? అరగంటలో ల్యాబ్‌లో ఉండాలి. లేకపోతే ఇంక రానక్కర్లేదు."

ఆ ఉద్యోగం లేకపోతే మాకు గడవదు. లేవబోయాను. అంతలో గ్రౌండంతా హోరెత్తిపోయింది, నేనూ ఫోన్‌లోకే కేకపెట్టాను.

"ఏమైంది? ఏమైందమ్మా?" ఆయన గొంతు మారిపోయింది.

"ఎడమచేతివాడు ఔట్ సార్! స్లిప్‌లో దొరికాడు!"

"ఆఫ్ స్పిన్నరేనా?"

"అతనే, ఆ నలిగిన చోటే వేశాడు. ఇంక ఒక్క వికెట్!"

"ఉండు, ఫోన్ పెట్టకు. ఇక్కడ నా ఫోన్‌లో బొమ్మ కదలడం లేదు. చెప్పు, చెప్పు."

చెప్పాను. నాలుగు ఓవర్లు, బంతి బంతికీ. ఫీల్డర్ ఎక్కడున్నాడు, బంతి ఎటు తిరిగింది, కొత్తగా వచ్చినవాడు బ్యాటు ఎలా అడ్డంపెడుతున్నాడు, అన్నీ. ఆయన అడుగుతున్నారు, నేను చెప్పేదాకా ఆగుతున్నారు. ఆట గురించి నన్ను ఒక మాట అడిగి, జవాబు కోసం ఆగిన మొదటి మగవాడు ఆయనే. రెండు పరుగులుండగా ఆఖరి వికెట్ పడింది. ఇటు నేను, అటు ఆయన, ఇద్దరం అరిచాం. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

కాసేపటికి ఆయన గొంతు సవరించుకున్నారు.

"కళ్ళకి కట్టినట్టు చెప్పావమ్మా. సరే, ఉద్యోగం తియ్యనులే. రేపు సంజాయిషీ మాత్రం రాసుకుని రా."

"రేడియో కూడా రాయాలా సార్?"

"వాడి సంగతి వేరు కదమ్మా," అన్నారు ఎంతో మామూలుగా. "వాడికి ఆటంటే ప్రాణం."

ఫోన్ పెట్టేశారు. గ్రౌండ్ ఖాళీ అయ్యేదాకా నేను లేవలేదు. రేపు వెళ్తాను, సంజాయిషీ రాసిస్తాను, పళ్ళు పేరుస్తాను. స్కోరెంతమ్మా అని అడిగితే మాత్రం చచ్చినా చెప్పను.