కూత కోసిన యూపీఎస్

భూషణ్ స్క్రూడ్రైవర్ పట్టుకుని గడప తొక్కాడంటే ఆ ఇంట్లో ఏదో ఒక వస్తువుకు నూకలు చెల్లినట్టే. భివండీలోని పద్మనగర్ మొత్తానికి ఈ సంగతి తెలుసు, ఒక్క భూషణ్‌కూ, వాళ్లన్న వెంకటేశానికీ తప్ప. ఎప్పుడో కల్యాణ్‌లో హార్డ్‌వేర్ కోర్సులో చేరి, సగంలోనే మానేసి వచ్చి, కార్డు మీద ‘ఇంజినీర్’ అని అచ్చు వేయించుకున్న ఘనుడు. పక్కింటి పోచమ్మ తన మిక్సీని అతని చేతిలో పెట్టిన పాపానికి ఈనాటికీ రోట్లోనే పచ్చడి నూరుకుంటోంది.

అలాంటివాడు బుధవారం సాయంత్రం వచ్చి సులోచన కంప్యూటర్ యూపీఎస్ ముందు బాసిపట్టు వేసుకుని కూర్చునేసరికి ఆమెకు ఒళ్లు మండిపోయింది. కానీ ఏం చేస్తుంది? సొంత మరిది. పైగా పిలిచింది మొగుడు.

“ఏందొదినా, ఏమైందంట దీనికి?” అని అరిచాడు. కింద షెడ్డులో సాంచెలు, అదే మరమగ్గాలు, నడుస్తుంటే ఆ ఇంట్లో ఎవరైనా అరిచే మాట్లాడాలి.

“కరెంట్ పోంగనే రెండు నిమిషాలు గూడ ఆగుతలేదు. కుయ్ కుయ్‌మని అరిచి బందైతంది. బ్యాటరీ పోయింది” అని ఆమె కూడా అరిచింది.

“బ్యాటరీ అని నీకెట్ల ఎర్క? నువ్వేమన్న ఇంజినీర్‌వా?”

సులోచన పళ్లు నూరుకుంది. ఎలా తెలుసంటే, తెలుసుకుంది కాబట్టి తెలుసు. ప్రింటర్ తీగ తీసేసి, కంప్యూటర్ ఒక్కటే ఉంచి, గోడ ప్లగ్గు పీకి చూసింది. ఆగిపోయింది. కంప్యూటర్ తీసేసి చిన్న బల్బు పెట్టి చూసింది. హాయిగా వెలిగింది. అంటే యూపీఎస్ బాగానే ఉంది, కంప్యూటర్ బరువు పడేసరికి మోయలేక చతికిలబడుతున్నది బ్యాటరీయే. మూత విప్పితే దాని పక్కలు ఉబ్బి కనిపించాయి కూడా. కళ్లున్నవాళ్లకు అంతకన్నా ఏం కావాలి?

ఆ యూపీఎస్ కోసం ఆమె ఇంతగా ఆరాటపడటానికి కారణముంది. పుణెలో ఒక కంపెనీ. ఇళ్లలో ఫ్రిజ్‌లూ మిక్సీలూ చెడిపోయినవాళ్లు ఫోన్ చేస్తే ఓపిగ్గా జవాబు చెప్పే పని, ఇంట్లో కూర్చునే చేయవచ్చు. తెలుగు, హిందీ, మరాఠీ మూడూ వచ్చినవాళ్లు కావాలన్నారు. భివండీలో పుట్టి పెరిగిన సులోచనకు మూడూ నోట్లో నీళ్లలా పారతాయి. పెళ్లయిన నాటి నుంచి షెడ్డు లెక్కలు రాయడం, వచ్చేపోయేవాళ్లకు చాయ్ పెట్టడం తప్ప తనదంటూ ఒక పని లేదు. ఈ ఉద్యోగం మీద ప్రాణం పెట్టుకుంది.

పోయిన నెల ఇంటర్వ్యూ మొదలైన కాసేపటికే పుణె మేడమ్ చెవులు మూసుకుంది. “మీరు రైలు పట్టాల మీద కూర్చున్నారా?” అని అడిగింది. సాంచెల చప్పుడు మరి. చప్పుడు లేని చోటి నుంచి మాట్లాడండి, ఇంకొక్క అవకాశమిస్తాను, అదే ఆఖరు అంది. ఎక్కడుంది చప్పుడు లేని చోటు? నాగావ్‌లో పుట్టింటికి పోతే అక్కడా సాంచెలే. కనేరిలో చెల్లెలింటికి పోతే గోడకు ఆనుకునే సాంచెలు. ఈ ఊళ్లో నిశ్శబ్దం కావాలంటే ఒక్కటే దారి, కరెంటు పోవాలి. రాబోయే శుక్రవారం మరమ్మతుల కోసం పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కరెంటు తీస్తామని కరెంటాఫీసువాళ్లు చెప్పారు. ఆ వేళకే ఇంటర్వ్యూ పెట్టించుకుంది. నెట్ మొబైల్ నుంచి వస్తుంది. కంపెనీ వాళ్ల పరీక్ష మాత్రం కంప్యూటర్ మీదే నడుస్తుంది. ఇరవై నిమిషాలు ఆ యూపీఎస్ ప్రాణం నిలబెట్టుకుంటే చాలు.

భూషణ్ మీటర్ తీసి దాని తీగలు బ్యాటరీకి ఆనించాడు. “సూడు, పదమూడు వోల్టులు సూపిస్తంది! బ్యాటరీ గుండ్రాయి లెక్క ఉంది.”

“కంప్యూటర్ బరువు పెట్టి సూడు భూషణ్. ఉత్తగున్నప్పుడు ఎవలైన గుండ్రాయి లెక్కనే ఉంటరు.”

ఆ మాట అతని చెవికెక్కలేదు. ప్లగ్గు పీకి, యూపీఎస్‌కు చెవి ఆనించి, కాసేపు కళ్లు మూసుకున్నాడు. పెద్ద డాక్టరు నాడి చూస్తున్నట్టే ఉంది వాలకం. తర్వాత చిటికె వేశాడు.

“దొరికింది! ఈ కూతనే బ్యాటరీని తింటంది. అరిచి అరిచి కరెంటంత అదే గుంజుకుంటంది.”

ఇంత తెలివి ఒక్క బుర్రలో ఎలా పట్టిందిరా దేవుడా అనుకుంది సులోచన. ఆమె తేరుకునేలోపే భూషణ్ కత్తెరతో కూత తీగను కత్తిరించి పారేశాడు. చిన్న బల్బు పెట్టి ప్లగ్గు పీకాడు. బల్బు వెలిగింది, కూత లేదు.

“అగో, ఏక్‌దమ్ ఫస్ట్ క్లాస్!” అని పక్కనే నిలబడి చూస్తున్న వెంకటేశం మురిసిపోయాడు.

“కంప్యూటర్ పెట్టి సూపియ్యిమను” అంది సులోచన.

“ఇప్పుడే ఆపరేషన్ అయింది వదినా, ఒక దినం రెస్ట్ ఇయ్యాలె” అని భూషణ్ చాయ్ తాగి, మీసం తుడుచుకుని వెళ్లిపోయాడు.

ఆమె మొగుడి వైపు తిరిగింది. “కొత్త బ్యాటరీ తెచ్చుకుంట.”

“ఇంట్ల ఇంజినీర్‌ను పెట్టుకుని దుకాణానికి పోతే నలుగురు నవ్వరా? వాడు చిన్నబోతడు. ఊకో జర.”

తమ్ముడు చిన్నబోకూడదు, పెళ్లాం బతుకు ఏమైనా ఫర్వాలేదు! మర్నాడు మొగుడు షెడ్డులోకి దిగగానే సులోచన ఉబ్బిన బ్యాటరీని బలవంతంగా బయటికి లాగి, గుడ్డ సంచిలో వేసుకుని బజారుకు నడిచింది. దుకాణంవాడు దానికి లోడు తగిలించి చూసేసరికి మీటర్ ముల్లు అమాంతం పడిపోయింది. కొత్తది తెచ్చి, ఎర్ర తీగ ఎర్రదానికి, నల్ల తీగ నల్లదానికి తగిలించి, రాత్రంతా ఛార్జింగ్‌లో ఉంచింది. శుక్రవారం తెల్లవారకముందే లేచి కంప్యూటర్ పెట్టి ప్లగ్గు పీకి చూసుకుంది. ఇంటర్వ్యూకు సరిపోయేంత సేపు నిలబడింది. బ్యాటరీ మళ్లీ నిండటానికి ప్లగ్గు పెట్టేసింది. ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. బాగు చేశానన్న గొప్ప అతనే ఉంచుకోనీ, నాకు ఉద్యోగం వస్తే చాలు అనుకుంది.

కరెంటు పోయింది. సాంచెలన్నీ ఒక్కసారే ఆగాయి. ఫ్యాన్లు లేక జనమంతా వరండాల్లోకి, మెట్ల మీదికి చేరారు. కిటికీలన్నీ తెరుచుకున్నాయి. కింది మెట్ల మీద నుంచి భూషణ్ గొంతు స్పష్టంగా వినిపించింది. “పైన మా వదిన ఇంటర్వ్యూ నడుస్తంది. నేను బాగు జేసిన యూపీఎస్ మీదనే!”

సులోచన ఆ మాటను మింగి స్క్రీన్ వైపు చూసింది. టైపింగ్ పరీక్ష బాగానే అయింది. పుణె మేడమ్ ముఖం కనిపించింది. ఆవిడకూ మూడు భాషలూ వచ్చు.

“ఈ మధ్య మీ ఇంట్లో ఏదైనా వస్తువు చెడిపోతే ఎలా బాగు చేశారో చెప్పండి. ముందు హిందీలో.”

యూపీఎస్ తప్ప ఇంకేం గుర్తొస్తుంది? చెప్పింది. కూత కోసిన మనిషి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘ఎవరో మెకానిక్’ అంది. మరాఠీలో చెప్పమంటే చెప్పింది. ఈసారి నోరు జారి ‘దూరపు చుట్టం’ అంది. కింద మెట్ల మీద ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరో గబగబా మెట్లెక్కి పైకి వస్తున్న చప్పుడైంది.

మేడమ్ కనుబొమలు ముడిచింది. “ఇందాక మెకానిక్ అన్నారు, ఇప్పుడు చుట్టం అంటున్నారు. మా పనిలో జరిగింది జరిగినట్టు చెప్పేవాళ్లు కావాలి. మార్చి చెప్పేవాళ్లు పనికిరారు. తెలుగులో సరిగ్గా చెప్పండి, ఎవరాయన?”

సులోచన తల తిప్పి చూసింది. గుమ్మంలో వెంకటేశం వచ్చి నిలబడ్డాడు. వద్దు, చెప్పకు అన్నట్టు చెయ్యి ఊపుతున్నాడు. అతని వెనక భూషణ్, మొహం కందగడ్డలా ఉంది. చెప్తే ఇంట్లో రచ్చ, చెప్పకపోతే ఉద్యోగం పాయె. ఎవడి పరువు కోసం? కూత కోసి బ్యాటరీ బాగు చేశానని ఊరంతా డప్పు కొట్టుకునేవాడి పరువు కోసమా? ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

“మా మరిది మేడం. పేరు భూషణ్. బ్యాటరీ పోయిందంటే ఇనకుంట, కూతనే కరెంట్ తింటందని తీగ కోసిండు. మా ఆయన శభాష్ అన్నడు. నేను వాళ్లకు తెల్వకుంట బ్యాటరీ మార్చిన. ఇప్పుడు మీతోని మాట్లాడుతున్నది ఆ బ్యాటరీ మీదనే.”

వరండాల్లో నవ్వు భళ్లుమంది. పోచమ్మ నవ్వు అన్నిటికన్నా పైన వినిపించింది.

మేడమ్ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. “రోజంతా మీకు ఇలాంటివాళ్లే ఫోన్ చేస్తారండీ. ఓపిక ఉందా?”

“ఇన్నేండ్లు జీతం లేకుంట అదే పని జేసిన మేడం.”

“సరే, సోమవారం నుంచి చేరండి” అని ఏదో రాసుకుంది మేడమ్. పెట్టేయబోతూ ఆగింది. “ఊరికే అడుగుతున్నాను. తీగ కోసినందుకు మీ మరిదిని ఏమన్నారు?”

సులోచన గుమ్మం వైపు చూసింది. వెంకటేశం చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది.

“ఇంతదాక ఒక్క మాట అనలే మేడం. చిన్నబోతడని ఊకున్న” అంది మొగుడి కళ్లలోకి చూస్తూ. “ఇగ ఊకోను.”